కార్డు వెనక అంకెలే చదువుతాడు, పుస్తకం ముట్టడు

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి ఏడేళ్లు, సెకండ్ గ్రేడ్. బేస్‌బాల్ అంటే ప్రాణం. ఇంటినిండా ఆటగాళ్ల కార్డులే. వాటి వెనక ఉన్న అంకెలన్నీ గడగడా అప్పజెబుతాడు, అంతకు మించి ఏమీ చదవడు. లైబ్రరీ నుంచి నల్లజాతి బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ జీవిత చరిత్ర తెచ్చిస్తే రెండు పేజీలు చదివి పక్కన పడేశాడు. వచ్చే నెల స్కూల్లో ప్రతి పిల్లాడూ ఒక ప్రముఖుడి జీవిత చరిత్ర చదివి, ఆ వేషం వేసుకుని, తల్లిదండ్రుల ముందు ఒక నిమిషం మాట్లాడాలి. నాకేమో బేస్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. మా వారు ‘ఆటగాళ్ల కథలెందుకు, కలాం గారి గురించి చదివించు’ అంటున్నారు. పైగా ఆ పుస్తకం తిరగేస్తే నల్లజాతి వాళ్లని తిట్టడం, చంపుతామని బెదిరించడం కనిపించాయి. ఏడేళ్ల వాడికి ఇవన్నీ చెప్పాలా? మా మామగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. 1947లో పుట్టిన మనిషి, క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆయనకి పట్టదు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం: కార్డులతోనే మొదలుపెట్టండి. అవి దాచేసి పుస్తకం చేతికిచ్చే పని మాత్రం చేయకండి.

ఆటగాడి కార్డు వెనక్కి తిప్పితే ఏడాదికో వరుస ఉంటుంది. ఏ జట్టుకి ఆడాడు, ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని హిట్లు (బంతి కొట్టి బేస్ అనే మజిలీకి చేరడం), ఎన్ని హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి). ఏడేళ్ల పిల్లాడు ఆ పట్టికని అడ్డంగా, నిలువుగా చదివి, ఎవరు ఎవరికన్నా మెరుగో చెబుతున్నాడంటే వాడికి చదువు మీద ఆసక్తి లేదని నేను ఒప్పుకోను. అది కూడా ఒక మనిషి జీవితమే, మాటల్లేకుండా అంకెల్లో రాశారు, అంతే. ఆ అంకెల్లో ఎక్కడో ఒకచోట ఖాళీ ఉంటుంది. దాని మీద వేలు పెట్టి ‘ఇక్కడేమైంది నాన్నా?’ అని అడగండి. జవాబు కార్డులో ఉండదు కాబట్టి వాడే పుస్తకం తెరుస్తాడు.

టెడ్ విలియమ్స్ కార్డు ఉందేమో చూడండి. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టుకి 1939లో ఆడటం మొదలుపెట్టాడు. 1942 వరుస తర్వాత 1946 వస్తుంది. మధ్యలో మూడేళ్లు లేవు. ఇంకా కిందికి వెళితే 1952లో ఆరే మ్యాచ్‌లు, 1953లో 37. మంచి ఫామ్‌లో ఉన్న బ్యాటర్ ఎక్కడికి పోయాడు? మొదటిసారి రెండో ప్రపంచ యుద్ధం, రెండోసారి కొరియా యుద్ధం. యుద్ధవిమానం నడిపాడు. కొరియాలో ఆయన విమానానికి గుళ్లు తగిలి మంటలు రేగితే, దాన్ని ఎలాగోలా నేలకి దించి బయటపడ్డాడు. ఈ సంగతి మీరు ముందే చెప్పేయకండి. ‘మూడేళ్లు ఏం చేసుంటాడంటావు?’ అని అడిగి వదిలేయండి. దెబ్బ తగిలిందనో, జట్టులోంచి తీసేశారనో వాడు ఏదో ఒకటి ఊహిస్తాడు. ఆ ఊహ నిజమో కాదో తేల్చుకోవడానికి చదివే చదువు, టీచర్ చెప్పిందని చదివే చదువులా ఉండదు.

ఇక మీరు తెచ్చిన రాబిన్సన్. ఆయన పుట్టింది 1919లో. మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీల్లో, మొదటి వరుస 1947. తీసివేత మీవాడితోనే చేయించండి, 28 వస్తుంది. టెడ్ విలియమ్స్, హ్యాంక్ ఆరన్ 20 ఏళ్లకే వచ్చేశారు. మరి ఈయనకెందుకు అంత ఆలస్యం? ఆట రాక కాదు. వచ్చిన ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు, 1949లో .342 సగటు (అంటే వెయ్యి అవకాశాలకి 342 హిట్ల లెక్కన), 37 స్టీల్స్ (బంతి వేసే పిచర్ కళ్లుగప్పి తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరడం), లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడన్న గుర్తింపు. నల్లజాతి వాళ్లని మేజర్ లీగ్ జట్లు దశాబ్దాల తరబడి దగ్గరకి రానివ్వలేదు, అందుకే ఆలస్యం. శాచెల్ పేజ్ అనే గొప్ప పిచర్ వరుస చూస్తే మీవాడికి మతిపోతుంది. ఆయన మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 1948లో, 42 ఏళ్ల వయసులో. అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా నల్లజాతి వాళ్ల లీగుల్లో ఆడి ఉన్నాడు. ఆ లీగుల అంకెల్ని మేజర్ లీగ్ 2024లో తన రికార్డుల్లో కలిపింది. దాంతో జీవితకాల సగటులో టై కాబ్ రెండో స్థానానికి జారి, నల్లజాతి వాళ్ల లీగుల్లో ఆడిన జాష్ గిబ్సన్ .372తో పైకొచ్చాడు. మీ ఇంట్లో పాత కార్డో పాత పుస్తకమో ఉంటే అందులో ఇంకా కాబ్ పేరే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. అంకె మారిందంటే అంకెలంటే ప్రాణమిచ్చే పిల్లాడు ఊరుకోడు, ఎందుకు మారిందో తేలేదాకా మిమ్మల్ని వదలడు.

నన్నడిగితే, ఏడేళ్ల వాడికి అందరికన్నా ముందు పరిచయం చేయాల్సింది రాబర్టో క్లెమెంటేని. 1934లో ప్యూర్టో రికోలో పుట్టాడు, 1955 నుంచి చివరిదాకా పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే ఆడాడు. కార్డులో మొత్తం హిట్లు చూడమనండి: సరిగ్గా 3,000. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు. అంత సరిగ్గా అక్కడే ఎలా ఆగింది? 3,000వ హిట్ కొట్టింది 1972 సెప్టెంబర్ 30న. ఆ డిసెంబర్ 23న నికరాగ్వాలో పెద్ద భూకంపం వచ్చింది. క్లెమెంటే సామాన్లు పోగుచేసి పంపించాడు. పంపినవి బాధితులకి చేరకుండా పక్కదారి పడుతున్నాయని తెలిసి, నేనే వెళ్తానని డిసెంబర్ 31న విమానమెక్కాడు. ఎగిరిన కాసేపటికే అది సముద్రంలో కూలిపోయింది. మామూలుగా ఆట మానేశాక ఐదేళ్లు ఆగితే గానీ గొప్ప ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకోరు. ఆయన కోసం ఆ నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే చేర్చారు.

ఇంకో సంగతి. 1960ల నాటి అమెరికా కార్డుల మీద ఆయన పేరు ‘బాబ్ క్లెమెంటే’ అని అచ్చు వేసేవాళ్లు. తన పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే వచ్చాడు. స్కూల్లో తన పేరుని తలో రకంగా పలుకుతుంటే విని ఊరుకునే మన పిల్లలకి ఈ ఒక్క పేజీ చాలు, ఆ మనిషి దగ్గరివాడైపోవడానికి.

మీవాడు రెండు పేజీలకే ఎందుకు ఆపేశాడో కూడా నాకు తెలిసినట్టే ఉంది. పిల్లల జీవిత చరిత్రలు చాలావరకు పుట్టిన తేదీతో, ఊరితో, తల్లిదండ్రులతో మొదలవుతాయి. ఆట కోసం పుస్తకం తెరిచిన పిల్లాడికి మొదటి పేజీలో బంతి కనబడదు. కాబట్టి మొదటి పేజీ నుంచే చదవాలన్న పట్టుదల వదిలేయండి. కార్డులో ఖాళీ ఏ ఏడాది ఉందో ఆ ఏడాది ఉన్న పేజీకి నేరుగా వెళ్లండి. అది చదివాక ‘మరి చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?’ అని వాడే వెనక్కి తిప్పుతాడు. మీరో పేజీ, వాడో పేజీ. వాడు ఒక మాట దగ్గర తడబడితే కాసేపు చూసి మీరే అందించేయండి. ప్రతి మాటనీ కూడబలుక్కోమని ఆపుతూ పోతే కథ చేజారిపోతుంది. అలాగే వంద పేజీల పుస్తకం ఇప్పుడే వద్దు. బొమ్మలతో ముప్పై నలభై పేజీలుండే జీవిత చరిత్రలు ఈ వయసుకి సరిగ్గా సరిపోతాయి.

మీకు బేస్‌బాల్ రాకపోవడం గురించి బెంగపడ్డారు. దాని గురించి మీకో పరిశోధన చెప్పాలి. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు, బేస్‌బాల్ ఆటలో ఒక సగం ఇన్నింగ్స్ గురించి రాసిన కథని 64 మంది స్కూలు పిల్లల చేత చదివించారు. చదివాక, చెక్కబొమ్మలున్న చిన్న మైదానం ముందు పెట్టి, ఏం జరిగిందో ఆ బొమ్మల్ని కదుపుతూ చెప్పమన్నారు. చదవడంలో వెనకబడ్డా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కన్నా మెరుగ్గా చెప్పగలిగారు. అంటే బేస్‌బాల్ పుస్తకం విషయంలో మీ ఇంట్లో అందరికన్నా సత్తా ఉన్న పాఠకుడు మీ అబ్బాయే. మీరు యూట్యూబ్‌లో రూల్స్ నేర్చుకుని వాడికి పాఠం చెప్పాల్సిన పనిలేదు. వాడి చేత చెప్పించుకోండి.

డైనింగ్ టేబుల్ మీద నాలుగు డబ్బా మూతలు పెట్టండి, అవి బేసులు. పోపుల పెట్టెలోంచి నాలుగు మెంతులో, కాసిని శనగపప్పు గింజలో తీయండి, అవి ఆటగాళ్లు. మామగారిని ఎదురుగా కూర్చోబెట్టండి. 1955 సెప్టెంబర్ 28న, ఏడాది చివర జరిగే ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో రాబిన్సన్ హోమ్ బేస్‌ని ‘స్టీల్’ చేశాడు. పిచర్ బంతి వేస్తుంటే మూడో బేస్ దగ్గరున్న మనిషి హోమ్ బేస్ వైపు పరుగు తీయడం, బంతి కన్నా ముందు చేరాలి. క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) యోగీ బెర్రా బంతి పట్టి తాకించాడు, అంపైర్ సేఫ్ అన్నాడు, బెర్రా అక్కడే ఎగిరెగిరి గొడవపడ్డాడు. 2015లో చనిపోయేవరకూ అది అవుటే అని వాదిస్తూనే ఉన్నాడు. రనౌట్ అప్పీళ్లు చూసిన మనిషికి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆ వీడియో దొరుకుతుంది, పుస్తకంలో ఆ పేజీ చదివాక చూపించి, తాతయ్యని అంపైర్‌గా తీర్పు చెప్పమనండి. మనవడు తెలుగులో సగం, ఇంగ్లిష్‌లో సగం కలిపి వివరిస్తాడు. మధ్యలో ఆపి తెలుగు దిద్దకండి. చదివింది ఇంకొకరికి చెప్పగలగడమే మనకి కావలసింది.

ఇక మీరు భయపడిన విషయం. దాచొద్దు. దాస్తే 28 ఏళ్లొచ్చేదాకా ఎందుకు రాలేదన్న ప్రశ్నకి జవాబే ఉండదు. ఏడేళ్ల వాడికి ఇంతే చెప్పండి: ‘ఒంటి రంగు చూసి కొందరిని ఆడనివ్వలేదు. రాబిన్సన్ ఆడుతుంటే అరిచి తిట్టేవాళ్లు, చంపుతామని ఉత్తరాలు రాసేవాళ్లు. అది చాలా పెద్ద తప్పు.’ ఆ తిట్టు ఏమిటని అడిగితే, మనం ఎవరినీ అనకూడని మాట అని చెప్పి, అక్కడితో ఆపండి. మన రంగు కూడా వేరే కదా, మనల్నీ ఆపేవాళ్లా అని అడగొచ్చు. అడిగితే తప్పించుకోకండి. ఆ రోజుల్లో చాలా చోట్ల మనలాంటి వాళ్లకీ ఇబ్బందులుండేవని, ఆ చట్టాలు మారడానికి ఎంతోమంది పోరాడారని, వాళ్లలో ఈయన కూడా ఉన్నాడని చెప్పండి.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. దాదాపు ప్రతి పుస్తకంలోనూ 1945 ఆగస్టు నాటి ఘట్టం ఉంటుంది. బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు నడిపే బ్రాంచ్ రికీ తన ఆఫీసులో రాబిన్సన్‌ని ఎదురుగా నిలబెట్టి, మైదానంలో ఎలాంటి అవమానాలు ఎదురవుతాయో తనే నటిస్తూ, మొహం మీద మొహం పెట్టి తిట్టి చూపించాడు. తిరిగి కొట్టకుండా ఉండే దమ్ము నీకుందా అన్నది ఆయన ప్రశ్న. రాబిన్సన్ ఒప్పుకున్నాడు. ఈ పేజీ చదివాక మనం వెంటనే ‘చూశావా, ఓర్పు ఎంత గొప్పదో’ అనేస్తాం. దయచేసి అనకండి. స్కూల్ బస్సులో ఎవడో మీవాడిని ఏడిపిస్తే, నోరు మూసుకుని భరించడమే గొప్పతనమని వాడు అనుకుంటాడు. రాబిన్సన్ స్వభావం అది కాదు. అంతకు ముందు ఏడాది, 1944 జులైలో, మీ టెక్సాస్‌లోనే క్యాంప్ హుడ్‌లో ఆయన సైన్యంలో లెఫ్టినెంట్. బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే వెళ్లనన్నాడు. సైనిక కోర్టులో విచారణకి నిలబెట్టారు, నిర్దోషిగా బయటపడ్డాడు. జట్టులో నిలదొక్కుకున్నాక మైదానంలోనూ తిరిగి మాట్లాడాడు, ఆట మానేశాక జీవితాంతం పౌరహక్కుల కోసం గొంతెత్తాడు. నోరు కట్టేసుకున్నది కొంతకాలమే. తను ఒక్కసారి చెయ్యెత్తితే ‘చూశారా, వీళ్లని రానిస్తే ఇంతే’ అని వెనకొచ్చే వాళ్లందరికీ తలుపు మూసేస్తారని తెలిసి తీసుకున్న నిర్ణయం అది. ‘నువ్వైతే ఏం చేసేవాడివి?’ అని అడగండి. వాడు ‘కొట్టేవాడిని’ అంటే కోప్పడకండి. రాబిన్సన్‌కీ కొట్టాలనే ఉండేదని చెప్పండి. తర్వాత, నిన్నెవరైనా ఏడిపిస్తే టీచర్‌కీ మాకూ చెప్పాలన్న మాట కూడా అదే సందులో చెప్పేయండి.

పిల్లల పుస్తకాల్లో రాసిందంతా జరిగిందే అనుకోనక్కర్లేదు. రాబిన్సన్‌ని జనం తిడుతుంటే సహచరుడు పీ వీ రీస్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడన్నది అందరికీ ఇష్టమైన ఘట్టం. బ్రూక్లిన్‌లో విగ్రహం కూడా ఉంది. కానీ అది ఏ ఊళ్లో, ఏ ఏడాది జరిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. 1932 వరల్డ్ సిరీస్‌లో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ వేలు చూపించి, అటే హోమ్ రన్ కొట్టాడన్న కథా అంతే. ‘ఇది వాళ్లకెలా తెలిసింది?’ అన్న ప్రశ్న పిల్లలకి భలే నచ్చుతుంది. పుస్తకం చివర చిన్న అక్షరాల్లో రచయిత రాసే పేజీ ఉంటుంది చూడండి, అది మీరు చదవండి. ఏది కల్పించారో చాలాసార్లు అక్కడ రాసి ఉంటుంది.

మీ వారి మాటని నేను కొట్టిపారేయను. కలాం గారి జీవితం వాడు తప్పకుండా చదవాలి, చదువుతాడు కూడా. అయితే రాకెట్ల గురించి ఏమీ తెలియని ఏడేళ్ల వాడికి ఆ పుస్తకంలో ప్రతి పేజీ కొత్తే. బేస్‌బాల్ పుస్తకంలో సగం వాడికి ముందే తెలుసు కాబట్టి మనిషి మీద మనసు పెట్టగలడు. అది ఒకసారి అలవాటైతే ఎవరి కథైనా చదవగలడు.

మామగారిని మాత్రం ఊరికే వదలొద్దు. బేబ్ రూత్ పుట్టింది 1895లో. మన క్రికెటర్ సి.కె. నాయుడు పుట్టిందీ 1895లోనే, నాగపూర్‌లో, తెలుగు కుటుంబంలో. 1926లో బొంబాయిలో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు కొట్టాడు. ఆ మరుసటి ఏడాది, 1927లో, రూత్ 60 హోమ్ రన్లు కొట్టాడు. మనవడు రూత్ గురించి చదివి చెబుతాడు, తాతయ్య నాయుడు గురించి చెబుతారు. ఇద్దరికీ ఇక పొద్దే తెలియదు. రాబిన్సన్ మొదటి మ్యాచ్ ఆడిన 1947 ఏప్రిల్ 15కీ, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఆగస్టు 15కీ సరిగ్గా నాలుగు నెలల తేడా. తాతయ్య పుట్టిన ఏడు కూడా అదే కదా. పిల్లలకి ‘చాలా కాలం కిందట’ అంటే అర్థం కాదు, ‘తాతయ్య పుట్టిన ఏడు’ అంటే అర్థమవుతుంది.

వేషం గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఎవరి వేషమైనా సరే, టోపీ, నంబరున్న చొక్కా చాలు. రాబిన్సన్ అయితే 42, క్లెమెంటే అయితే 21. ముఖానికి, చేతులకి రంగు పూయకండి. మన దగ్గర ఫ్యాన్సీ డ్రెస్ పోటీల్లో కృష్ణుడికి నీలం పూయడం మామూలే. అక్కడ నల్లరంగు పూసుకోవడం వెనక నల్లజాతి వాళ్లని వేదిక మీద వెక్కిరించిన చరిత్ర ఉంది, చూసిన వాళ్లకి మనసు కష్టమవుతుంది.

నిమిషం అంటే పిల్లాడి నోట ఆరేడు వాక్యాలే. తేదీలన్నీ బట్టీ పట్టించకండి. వాడికి నచ్చిన ఖాళీ దగ్గరే మొదలుపెట్టించండి. ‘నా పేరు రాబర్టో. నా కార్డు మీద బాబ్ అని వేశారు. నేను సరిగ్గా 3,000 హిట్లు కొట్టాను. ఇంకొకటి ఎందుకు కొట్టలేదో తెలుసా?’ అని అడిగాడంటే, వినేవాళ్లు ఆగి వింటారు. మాటలు మాత్రం వాడివే అయ్యుండాలి, మీరు రాసిచ్చింది వద్దు.

లైబ్రరీలో వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. జీవిత చరిత్రల్ని చాలాచోట్ల రాసినవాళ్ల పేరుతో కాకుండా, ఎవరి గురించి రాశారో వాళ్ల ఇంటిపేరు వరుసలో పెడతారు. ఆట గురించిన పుస్తకాలు 796.357 అన్న నంబరు (లైబ్రరీ విషయాల వారీగా ఇచ్చేది) దగ్గరుంటాయి. మీవాడినే తీసుకెళ్లి ఆ నంబరు వెతకమనండి, అంకెలే కాబట్టి మీకన్నా ముందు పట్టుకుంటాడు. క్లెమెంటే, విలియమ్స్, రాబిన్సన్, ముగ్గురివీ తెచ్చి వాడి ముందు పెట్టండి, ఎవరి వేషం వేయాలో వాడే తేల్చుకుంటాడు. కావలసిన పుస్తకాలకి ఈ వారమే హోల్డ్ (మన పేరున ఆపించుకోవడం) పెట్టేయండి. నల్లజాతి చరిత్ర మాసమైన ఫిబ్రవరిలోనూ, ఏప్రిల్ 15 దగ్గరపడినప్పుడూ రాబిన్సన్ పుస్తకాలకి గిరాకీ ఎక్కువ.